నిజామాబాద్‌లో ఎలక్షన్ పాంప్లెట్లు, ఫ్లెక్సీలు కొట్టించాలంటే: ఒక ప్రెస్ గురించి నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్త: 5కి 4. ఆ ఒక్క మార్కు ఎందుకు కోసిన్నో కింద చెప్త. షాపు పేరు మాత్రం రాస్తలేను, ఎందుకంటే ఆ ప్రెస్‌లో అన్ని పార్టీలోళ్ళు పని చేయించుకుంటరు, ఎలక్షన్ టైంలో పేరు పెట్టి మెచ్చుకుంటే ఈయన ఫలానా వాళ్ళ మనిషి అని ఇంకొకళ్ళు ముద్రేస్తరు, ఓనర్ అన్నే "పేరొద్దు తమ్మీ" అన్నడు. గాంధీ చౌక్ దిక్కు గల్లీల్లో ఉంటది, కింద ఆఫ్‌సెట్ మిషన్, పైన డీటీపీ, వెనక రేకుల షెడ్డులో ఫ్లెక్స్ మిషన్. మన బల్దియా, అంటే మునిసిపల్ కార్పొరేషన్, పాత పాలకవర్గం గడువు 2025 జనవరిలో అయిపోయింది, ఆ తర్వాత ఆఫీసర్ల పాలన వచ్చింది, ఎలక్షన్ల మాట వచ్చినప్పుడల్లా కొత్తగా నిలబడదాం అనుకునేటోళ్ళు "మీరు అప్పుడు ఎక్కడ కొట్టించిన్రు, పని ఎట్లుంటది" అని నన్ను అడుగుతున్నరు, అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒక్కకాడ రాస్తున్న. కొంచెం పొడుగైతది, ఎందుకంటే ప్రింటింగ్ ఒక్కటే చెప్తే సగమే చెప్పినట్టు.

మేం కొట్టించింది 2020 జనవరి ఎలక్షన్లకు. మా కాలనీలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నరు, ఆమె ఇండిపెండెంట్‌గా నిలబడ్డరు. పేరు, డివిజన్, గుర్తు ఏదీ రాయను, ఆమెకు ఇష్టం లేదు. నేను, ఇంకా కాలనీ పిల్లలు కొందరు కలిసి ప్రచారం పని చూసుకున్నం, అందులో ప్రింటింగ్ నా మీద పడ్డది.

అప్పటి టైం టేబుల్ ఒకసారి గుర్తు చేస్కోండి, ఇది కొత్తోళ్ళకు చాలా ముఖ్యం. జనవరి 7న నోటిఫికేషన్, 8 నుంచి 10 వరకు నామినేషన్లు, 14న విత్‌డ్రా ఆఖరు, 22న పోలింగ్. పార్టీ టికెట్ ఉన్నోళ్ళకు గుర్తు ముందే తెలుసు కాబట్టి వాళ్ళ ఫ్లెక్సీలు డిజైన్ అయిపోయి రెడీగా ఉంటయి, ఇండిపెండెంట్లకు మాత్రం విత్‌డ్రాలు అయిపోయినంకనే గుర్తు వస్తది. అంటే 14 సాయంత్రం గుర్తు చేతికొచ్చింది, అదే రోజు భోగి, తెల్లారితే సంక్రాంతి, మిషన్ మీద పనిచేసే పిలగాళ్ళందరూ ఊళ్ళకు పోయే టైం, ఇటు చూస్తే 20 సాయంత్రానికల్లా ప్రచారం బంద్. మధ్యలో మిగిలింది ఎన్ని రోజులో మీరే లెక్కేస్కోండి. రెండు మూడు ప్రెస్సులు తిరిగితే "పండగ తర్వాత రండి" అన్నరు. ఈ అన్న మాత్రం మ్యాటర్ చూపించమన్నడు. పండగ పూట కూడా ఒక ఆపరేటర్‌ను ఆపి మా పని పట్టిండు, దానికి ఎక్కువ ఛార్జి కూడా తీసుకోలే, ఈ ఒక్కదానికే నేను రెండు మార్కులు ఇస్త.

ఇప్పుడు అసలు సంగతి. ప్రెస్‌కు పోయినంక డీటీపీ పిలగాడు అడిగిన మొదటి ప్రశ్న ఏందో తెలుసా, "పైన ఎవరెవరి ఫొటోలు పెట్టాలె?" అని. అభ్యర్థి పేరు కాదు, వార్డు నంబర్ కాదు, పైన ఫొటోలు. వాళ్ళ దగ్గర అన్ని పార్టీలకూ తయారు చేసిపెట్టుకున్న లేఅవుట్లు ఉంటయి, పైన ఢిల్లీ లీడర్ పెద్దగ, ఆ పక్కన రాష్ట్ర లీడర్, తర్వాత ఎంపీ, ఎమ్మెల్యే, ఆ తర్వాత జిల్లా అధ్యక్షుడు, వీళ్ళందరినీ దాటి వచ్చినంక అభ్యర్థి చేతులు జోడించి నిలబడి ఉంటడు, కింద వరుసగా గల్లీ లీడర్ల తలకాయలు. ఎవరి ఫొటో ఎంత సైజు ఉండాలె, ఎవరు కుడి ఎవరు ఎడమ, దాని మీద గొడవలైతయి, ఒక్క ఫొటో చిన్నగైందని కట్టిన ఫ్లెక్సీని దించి మళ్ళీ కొట్టించినోళ్ళున్నరు. మాకేమో పైన పెట్టనీకి ఎవరూ లేరు. ఆ పిలగాడు పాపం ఖాళీ జాగా చూసి "మరి ఇక్కడ ఏం పెట్టాలన్నా" అంటే ఓనర్ అన్న లేచి వచ్చి "అక్కడ వార్డు మ్యాప్ పెట్టు" అన్నడు. నిజంగనే మ్యాప్ పెట్టినం. చేత్తో గీసి స్కాన్ చేసి, మా డివిజన్ హద్దులు, గుడి, మసీదు, బడి, వాటర్ ట్యాంకు, మోరీ (మురికి కాల్వ) ఎటు పోతది, అన్నీ. ఆ రోజుల్లో ఊరంతా పంచిన పాంప్లెట్లలో వార్డు మ్యాప్ ఉన్నది ఇంకోటి నా కంట పడలే.

ఎందుకట్ల అంటే ఆ నెల మన ఊరి సంగతి ఎట్లున్నదో యాది చేస్కోవాలె. 2019 ఆగస్టులో 370 రద్దు, నవంబర్‌లో అయోధ్య తీర్పు, డిసెంబర్‌లో పార్లమెంటులో సీఏఏ (పౌరసత్వ సవరణ చట్టం) పాసైంది, దాని వెనకే ఎన్ఆర్సీ (పౌరుల లిస్టు) వస్తది ఎన్పీఆర్ (జనాభా లిస్టు) వస్తది అని మాటలు. డిసెంబర్ 27న మన ఊళ్ళోనే అసదుద్దీన్ ఒవైసీ మాట్లాడిన సీఏఏ వ్యతిరేక సభ జరిగింది, అది జరిగిన పది పన్నెండు రోజులకే బల్దియా నోటిఫికేషన్. దానికి ముందు ఏప్రిల్‌లో ఎంపీ ఎలక్షన్ ఎట్ల జరిగిందో దేశమంతా చూసింది, పసుపు బోర్డు కోసం 170 మందికి పైగా రైతులు నామినేషన్లేసి మొత్తం 185 మంది బరిలో ఉంటే ఒక్కో పోలింగ్ బూత్‌లో డజను ఈవీఎం బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బిడ్డ కవిత ఓడిపోయి బీజేపీ నుంచి ధర్మపురి అర్వింద్ గెలిచిండు. అంటే మన ఊరు అప్పటికే ఏడాదిగా ఢిల్లీ మాటల మధ్యలోనే ఉన్నది. ఇందూరు అన్న పాత పేరు మళ్ళీ పెట్టాలా వద్దా అన్న లొల్లి ఒకటి. ఇంత వేడిలో పోయి మోరీ మీద పలకలు వేయిస్తం అంటే ఎవరు వింటరు అని మావోళ్ళకే అనుమానం.

పోలింగ్ అయిపోయినంక నేను ఒక పని చేసిన, మా ఇంటికొచ్చిన పాంప్లెట్లు, చుట్టాల ఇండ్లల్లో దొరికినయి, అన్నీ పక్కపక్కన పెట్టి చదివిన. ఎవరికైనా ఓపికుంటే ఈసారి మీరు కూడా చెయ్యండి. ఒకరి కాగితంలో దేశ భద్రత, ధర్మం, ఇంకొకరి కాగితంలో రాజ్యాంగం, పౌరసత్వం, ఇంకొకరి దాంట్లో రైతుబంధు, పెన్షన్లు, కళ్యాణలక్ష్మి. ఇవన్నీ పెద్ద సంగతులే, నేను కాదనను. కానీ కార్పొరేటర్ చేతిలో ఉండేది నల్లా, మోరీ, వీధి దీపం, చెత్త బండి, పార్కు, రోడ్డు, దుకాణాల లైసెన్సు, ఇండ్ల పర్మిషన్లు, బర్త్ సర్టిఫికెట్. ఆ కాగితాల్లో వార్డు పేరు తీసేసి పక్క వార్డు పేరు పెడితే ఒక్క అక్షరం మార్చాల్సిన పనిలేదు. కొన్నిట్లో అయితే నిజంగనే అట్లనే చేసినరు, నాలుగైదు డివిజన్లకు ఒకటే మ్యాటర్, ఫొటో, నంబర్ మాత్రం వేరే. ప్రెస్ వాళ్ళకు అది సుఖం, ఒకటే ప్లేటు మీద ఎక్కువ కాపీలు పడతయి, రేటు తగ్గుతది. పార్టీకి కూడా సుఖం. నష్టం ఎవరికంటే ఆ గల్లీలో ఉండేటోళ్ళకు, ఐదేండ్లకు ఒక్కసారి ఈ గల్లీ గురించి ఎవరైనా రాత పూర్వకంగా మాట ఇచ్చే అవకాశం అదొక్కటే ఉంటది, అది కూడా పోతది.

ఈ ప్రెస్ అన్న గొప్పతనం ఇక్కడనే ఉన్నది. మేం తీసుకపోయిన మ్యాటర్ చదివి పక్కన పెట్టిండు. అందులో "మన వార్డు సమగ్రాభివృద్ధికి అహర్నిశలు కృషి చేస్తాను" అని ఉండె, అందరూ రాసేదే. "ఏ మోరీ, ఏ గల్లీ, ఏ కంబం, అది రాస్కరా, నేను రెండు గంటలు మిషన్ ఆపుతా" అన్నడు. మేం నిజంగ బండ్లేసుకొని రాత్రి పూట డివిజన్ అంతా తిరిగినం, దీపం లేని కంబాలు ఎక్కడెక్కడున్నయో, మోరీ ఎక్కడ తెరుచుకొని ఉన్నదో, నల్లా ఏ గల్లీకి ఏ టైంకు వస్తే పనులకు పోయే ఆడోళ్ళకు వీలవుతదో, ఇండ్ల కాడ అడిగి రాసుకున్నం. తెల్లారి కాగితం మీద ఆ గల్లీల పేర్లు పడ్డయి. ఆ పాంప్లెట్ పట్టుకొని పోతే ఏమైందంటే జనాలు పారేయలే, తీసి చదివి "మా గల్లీ పేరున్నది గదా" అని ఇంట్లోకి పట్టుకపోయిన్రు, కొందరు "మా కాడ ఇంకో కంబం మర్చిపోయిన్రు, రాస్కోండి" అని వెనక్కి పిలిచిన్రు. ప్రింటింగ్ షాపు చేసే పని కాదిది, కస్టమర్ ఏమిస్తే అది కొట్టి పైసలు తీసుకుంటే అయిపోయేది, కానీ ఆయన అడిగిండు.

అయితే ఇంకో దిక్కు కూడా చెప్పాలె. ఇంటింటికీ తిరిగేటప్పుడు ప్రతి నాలుగిండ్లకు ఒక ఇంట్లో "అదంత మంచిదే అమ్మా, మరి సీఏఏ మీద మీ మాటేంది?" అని అడిగినోళ్ళున్నరు, రెండు దిక్కుల నుంచీ అడిగినరు. టీచరమ్మ మొదట్లో "ఇది బల్దియా ఎలక్షన్, నేను పార్లమెంటుకు పోతలేను" అని చెప్పేది, మాట కరెక్టే, కానీ అడిగినోళ్ళ మొఖంలో ఆ జవాబు ఎక్కలేదని మాకు కనబడ్డది. ఒక పెద్దమ్మ అయితే ట్రంకు పెట్టెలోంచి పాత కాగితాల సంచి తీసుకొచ్చి ముందు పెట్టింది, రేషన్ కార్డు, ఎప్పుడో బడిలో ఇచ్చిన టీసీ, పుట్టిన తేదీ ఒక్కోదాంట్లో ఒక్కో తీరు, "ఇవి చాలతయా బేటీ?" అని. అక్కడ నాకర్థమైంది ఢిల్లీలో నడిచే పంచాయితీ మన గల్లీకి వచ్చేటప్పటికి బల్దియా ఆఫీసులో ఒక కౌంటర్ అయితది. బర్త్ సర్టిఫికెట్ ఇచ్చేది బల్దియానే గదా. ఆ నెలల్లో మహారాష్ట్రలో మాలెగావ్ లాంటి ఊళ్ళల్లో బర్త్ సర్టిఫికెట్ల కోసం మునిసిపల్ ఆఫీసుల ముందు వేలమంది లైన్లు కట్టిన్రు. అంటే కార్పొరేటర్‌గా నిలబడ్డ మనిషి సీఏఏ మంచిదా చెడ్డదా అని ఉపన్యాసం ఇయ్యకపోయినా సరే, నీ సర్టిఫికెట్‌లో పేరు తప్పుపడితే ఎట్ల దిద్దించుకోవాలె, పాత రికార్డు లేకపోతే ఏం చెయ్యాలె, లేటు రిజిస్ట్రేషన్‌కు ఎవరి దగ్గరికి పోవాలె, ఇది చెప్పగలగాలె. అది బల్దియా పనే.

అందుకని ఆఖరి రెండు రోజులకు ఇంకో చిన్న కాగితం కొట్టించినం, ఒక దిక్కు తెలుగు, ఒక దిక్కు ఉర్దూ, బర్త్ సర్టిఫికెట్, ఇంటి పన్ను పేరు మార్పిడి, కొత్త నల్లా కనెక్షన్, ఒక్కోదానికి ఏ కాగితాలు కావాలె అని. ఇక్కడ కూడా ప్రెస్‌కు పూర్తి మార్కులు. తెలుగు అనూ ఫాంట్లలో కొడతరు, ఉర్దూకు ఇన్‌పేజ్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చిన ఒక పెద్దాయన ఉన్నడు, నస్తాలీఖ్ అనే ఉర్దూ రాత తీరులో అంత శుభ్రంగా కొట్టి, ప్రూఫ్ చదివి వినిపించి, మేం తెలుగులో రాసింది ఉర్దూలోకి వచ్చేటప్పటికి ఎక్కడ గట్టిగ వినబడతదో ఎక్కడ మెత్తగ వినబడతదో చెప్పి సరిచేసిండు. చాలా షాపుల్లో ఉర్దూ అంటే ఫోన్‌లోంచి కాపీ కొట్టి పెడతరు, అక్షరాలు విడిపోయి ఉంటయి, చదివేటోళ్ళకు అది అవమానంగ ఉంటది. మన జిల్లాలో ఉర్దూ చదివేటోళ్ళు ఎందరున్నరో తెలిసి కూడా అట్ల చేసుడు మంచిగ కాదు.

రిజల్ట్ అందరికీ తెలిసిందే. 60 డివిజన్లలో బీజేపీ 28, ఎంఐఎం 16, టీఆర్ఎస్ 13, కాంగ్రెస్ 2, ఇండిపెండెంట్ ఒక్కరు. ఆ ఒక్కరు మావోళ్ళు కాదు, మేం ఓడిపోయినం. 28 వచ్చిన పార్టీకి మేయర్ రాలే, టీఆర్ఎస్, ఎంఐఎం కలిసి ఎక్స్ అఫీషియో ఓట్లతో (ఎమ్మెల్యేలు, ఎంపీలు పదవి వల్ల వేసే ఓట్లు) టీఆర్ఎస్ నుంచి దండు నీతూ కిరణ్ మేయర్ అయిండ్రు, ఎంఐఎంకు డిప్యూటీ మేయర్. రాష్ట్రంలో చాలా మునిసిపాలిటీలు టీఆర్ఎస్ ఏకపక్షంగా గెల్చుకున్న ఎలక్షన్ అది, మన ఊళ్ళో మాత్రం లెక్క వేరే వచ్చింది. సీఏఏ గొడవ లేకుంటే ఇదే లెక్క వచ్చేదా అంటే నేనైతే రాకపోవునని అంట. ఓట్లు రెండు దిక్కులకు గట్టిగ జరిగినయి, మధ్యలో నిలబడి నల్లా మాట మాట్లాడినోళ్ళకు జాగా తగ్గింది. కాంగ్రెస్‌కు 2 రావడం అందులో భాగమే, డీఎస్ (డి. శ్రీనివాస్) లాంటి పెద్ద లీడర్‌ను ఇచ్చిన ఊరిది, ఒకప్పుడు ఆ పార్టీకి ఇక్కడ బలం ఎట్లుండెనో పెద్దోళ్ళను అడగండి.

ఓటర్లది తప్పు అని మాత్రం నేను అనను, ఆ మాట ఎవరన్నా అంటే నాకు కోపం కూడా వస్తది. ఎందుకంటే మేయర్‌ను మనం నేరుగా ఎన్నుకోం, గెలిచిన కార్పొరేటర్లు పార్టీ విప్ ప్రకారం చేతులెత్తి ఎన్నుకుంటరు, ఎమ్మెల్యేలు ఎంపీలు వచ్చి ఎక్స్ అఫీషియోగా ఓటేస్తరు. ఇగ పైసల సంగతి చూస్తే బల్దియాకు సొంత పన్నులు చాలవు, ఫైనాన్స్ కమిషన్ గ్రాంట్లు, అమృత్ పథకం, రాష్ట్రం ఇచ్చే నిధులు, వీటి మీదనే పెద్ద పనులన్నీ నడుస్తయి. స్మార్ట్ సిటీ లిస్టులో వరంగల్, కరీంనగర్ ఉండె, మన ఊరు లేకుండె. అటువంటప్పుడు "ఢిల్లీలో ఎవరున్నరు, హైదరాబాద్‌లో ఎవరున్నరు" అని చూసి కార్పొరేటర్‌కు ఓటేసే మనిషికి ఒక లెక్క ఉన్నది. మా కాలనీలో ఒక కిరాణం అన్న నాతో సూటిగ అన్నడు, "మీ టీచరమ్మ మంచిదే, కానీ ఆమె ఒక్కతి పోయి ఎవరితోని మాట్లాడతది?" అని. దానికి నా దగ్గర గట్టి జవాబు లేకుండె, ఇప్పటికీ సగమే ఉన్నది. పార్టీ ఉన్న కార్పొరేటర్ కూడా వార్డు లిస్టు లేకుండ పోతే ఏం అడుగుతడు, ఎంత పెద్దోళ్ళు తెలిసినా ఏ కంబం అని చెప్పాలె గదా, ఇదీ నా సగం జవాబు.

దేశం సంగతి వార్డులోకి రావుడే తప్పు అని కూడా నేను ఒప్పుకోను. 2021 మార్చిలో విశాఖ జీవీఎంసీ ఎలక్షన్ చూడండి, దానికి రెండు నెలల లోపే కేంద్రం స్టీల్ ప్లాంట్ అమ్ముతం అని నిర్ణయం తీసుకుంది, గాజువాక దిక్కు ప్రతి ఇంటికీ దాంతో సంబంధం ఉన్నది, అక్కడ అది గల్లీ మాటనే. అదే 2020 డిసెంబర్‌లో హైదరాబాద్ జీహెచ్ఎంసీ ఎలక్షన్ తీసుకోండి, అక్టోబర్‌లో వరదలొచ్చి కాలనీలకు కాలనీలు మునిగినయి, ఎలక్షన్ వచ్చేటప్పటికి నాలాల మాట కొంచెం అయింది, సర్జికల్ స్ట్రైక్ మాట ఎక్కువైంది, ఢిల్లీ నుంచి పెద్ద పెద్ద లీడర్లు డివిజన్ల ప్రచారానికి దిగిన్రు. రెండూ దేశం సంగతులే, కానీ మొదటిదాంట్లో ఆ ఊరోళ్ళ బతుకు ఉన్నది, రెండోదాంట్లో మునిగిన ఇంటి మాట పక్కకు పోయింది. మన దగ్గర పసుపు బోర్డు కూడా అంతే, అది బల్దియా పని కాకపోవచ్చు, కానీ మన మార్కెట్ యార్డు మీద బతికే హమాలీలు, ఆటోలోళ్ళు, గంజ్‌లో దుకాణాలోళ్ళు అంతా ఈ ఊళ్ళోనే ఉంటరు, పసుపు రేటు పడితే వాళ్ళ ఇండ్లల్లో తెలుస్తది. 2025 జనవరి 14న బోర్డు మన ఊళ్ళోనే మొదలైంది, ఇగ మీదట పాంప్లెట్లల్లో అది ఉండాలె కూడా. దాని పక్కనే యార్డుకు పోయే రోడ్డు ఎవరేస్తరు, అక్కడ లైట్లు, బాత్రూములు ఎవరు చూస్తరు అని ఒక్క లైను ఉంటే చాలు, ఆ కాగితానికి నేను దండం పెడ్త.

సరే, ఇగ పని నాణ్యత. పాంప్లెట్ కాగితం పలచన కాదు, రెండు దిక్కులా కొట్టినా అటు అక్షరం ఇటు కనబడలే. రంగులు ప్రూఫ్‌లో చూసినట్టే వచ్చినయి. ఫ్లెక్సీలు తక్కువే కొట్టించినం, చదరపు అడుగుకు పది పన్నెండు రూపాయల మధ్య పడ్డది అప్పట్లో, ఇప్పుడు రేటు వేరే ఉంటది, అడుక్కోండి. అంచు మడత మంచిగేసి, రింగులు గట్టిగ కొట్టి ఇచ్చిన్రు, గాలికి చినగలే. ఎక్కడ పడితే అక్కడ కడితే ఎలక్షన్ స్క్వాడ్ వాళ్ళు పీకేస్తరు, ఇంటి ఓనర్ పర్మిషన్ లెటర్ ముందే రాయించుకోండి అని షాపు వాళ్ళే చెప్పిన్రు.

రూల్స్ తెలిసిన ప్రెస్ కావడం పెద్ద ప్లస్. ఎలక్షన్ కరపత్రం కింద ప్రింటర్ పేరు, అడ్రస్, పబ్లిషర్ పేరు ఉండాలె, లేకుంటే కేసు. మేం మర్చిపోయినా వాళ్ళు మర్చిపోలే, కాపీలెన్నో కూడా వేసిన్రు. 2020లో ఈవీఎంలు కాదు, కాగితం బ్యాలెట్, కాబట్టి ముసలోళ్ళకు చూపియ్యనీకి నమూనా బ్యాలెట్ కొట్టించాల్సి వచ్చింది, అది అసలు బ్యాలెట్ రంగులో, సైజులో ఉండొద్దు, వాళ్ళే చెప్పి పచ్చ కాగితం మీద వేరే సైజులో కొట్టిన్రు. మనోళ్ళ పేరు, గుర్తు తప్ప మిగతా గడులు ఖాళీ. బిల్లులు కూడా పక్కాగా ఇచ్చిన్రు, ఇది చిన్న విషయం అనుకోకండి, ఎలక్షన్ అయినంక 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇయ్యాలె, ఇయ్యకపోతే మళ్ళీ నిలబడకుండ అనర్హత పడతది. ఓడిపోయినోళ్ళు కూడా ఇయ్యాలె. చాలామందికి ఇది తెల్వక, తెల్ల కాగితం మీద రాసిచ్చిన లెక్కలు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరుగుతరు.

ఇంకో మాట, రహస్యం. ఒకే షాపులో ఎదురెదురు పార్టీల పని నడుస్తుంటది, కానీ ఒకరి ప్రూఫ్ ఇంకొకరి కంట పడనియ్యరు. నేను రాత్రి పొద్దుపోయేదాక అక్కడ కూర్చున్న రోజులున్నయి, పక్క టేబుల్ మీద బోర్లించిన కాగితం బోర్లించినట్టే ఉండేది. రెండు పార్టీల కార్యకర్తలు ఒకే బెంచీ మీద కూర్చొని చాయ్ తాగుకుంట వాళ్ళ బండిల్ కోసం ఎదురుచూసేటోళ్ళు, బయట మైకుల్లో ఎంత వేడి ఉన్నా లోపల "నీది ఎప్పుడిస్తరంట?" "మీ తర్వాతనే అంట" అని మామూలుగ మాట్లాడుకునేటోళ్ళు. ఆ పిలగాళ్ళు పక్కపక్క గల్లీలోళ్ళే.

ఆ ఒక్క మార్కు ఎందుకు కోసిన్నంటే, ఒకటి, పెద్ద పార్టీ ఆర్డర్ వస్తే చిన్న ఆర్డర్ వెనక్కి పోతది. మా రెండో విడత పాంప్లెట్ పొద్దున ఇస్తమని సాయంత్రం ఇచ్చిన్రు, ఆరోజు మాకు ఒక పూట ప్రచారం పోయింది, ఐదారు రోజులే ఉన్నప్పుడు పూట అంటే చాలా ఎక్కువ. అన్నను అడిగితే అవతల వాళ్ళు వేలల్లో కొట్టిస్తరు, మిషన్ మధ్యలో ఆపలేను అన్నడు, ఆయన ఇబ్బంది అర్థమైంది, కానీ టైం చెప్పినప్పుడు ఆ మాట ముందే చెప్పాలె. రెండు, అడ్వాన్స్ సగం కంటే ఎక్కువ అడుగుతరు, ఇండిపెండెంట్ అయితే మొత్తం అడుగుతరు, ఎలక్షన్ అయినంక పైసలు ఎగ్గొట్టినోళ్ళు ఉన్నరంట, సరే గానీ అందరినీ ఒక్క తీరు చూడొద్దు. మూడు, డీటీపీ పిలగాళ్ళకు ఇంకా ఆ ఫొటోల లేఅవుటే చేతికి వస్తది. ఓనర్ అన్న ఆ రోజు షాపులో లేకపోతే మా కాగితం మీద కూడా పైన పువ్వుల బార్డరు, మధ్యలో ఖాళీ వాక్యాలు వచ్చేవి. అన్న ఉన్నప్పుడే పోండి, పొద్దున తొమ్మిదింటి నుంచి పదకొండు వరకు తీరికగ ఉంటడు.

టీచరమ్మ ఓడిపోయినా ఆ పాంప్లెట్ వృథా కాలే. గెలిచిన కార్పొరేటర్ మా డివిజన్‌కు మొదటిసారి వచ్చినప్పుడు కాలనీ వాళ్ళు అదే కాగితం తీసి చూపించి, ఈ కంబాలు, ఈ మోరీ అని వరుసగ అడిగిన్రు. ఆయన దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నడు. అందులో కొన్ని అయినయి, కొన్ని కాలే, కానీ అడగనీకి ఒక లిస్టు అయితే ఉండె.

ఈసారి పోయేటోళ్ళు ఇవి తయారు పెట్టుకోండి. గుర్తు రాకముందే మ్యాటర్ మొత్తం కొట్టించి ప్రూఫ్ చూసి, గుర్తు జాగా ఖాళీ ఉంచండి, గుర్తు రాంగనే పెట్టి మిషన్ ఎక్కిస్తరు, ఒక రోజు మిగులుతది. డివిజన్ మ్యాప్ చేత్తో గీసినా సరే తీసుకపోండి. ఉర్దూ కావాలంటే ఆ పెద్దాయన ఏ రోజు వస్తడో ఫోన్ చేసి కనుక్కోండి, రోజూ రాడు. బిల్లు అభ్యర్థి పేరు మీదనే రాయించండి, మీ పేరు మీద కాదు. పార్టీ టికెట్ మీద నిలబడేటోళ్ళు కూడా పోండి, పైన ఎవరి ఫొటోలైనా పెట్టుకోండి, మీ ఇష్టం, వెనక పేజీ మాత్రం అన్నకు వదిలేసి ఆయన అడిగే ప్రశ్నలకు జవాబులు రాస్కపోండి. అడ్రస్ కావాలన్నోళ్ళు మెసేజ్ పెట్టండి, పంపిస్త.